పెన్‌డ్రైవులో వచ్చిన పురుగు

పెళ్లి కుదిరిన ఇంట్లో మొదట పుట్టే పని శుభలేఖ. మన గాంధీపురంలో ఇప్పటికీ శుభలేఖను ఒకవైపు తెలుగున, ఒకవైపు తమిళాన అచ్చు వేయించే కుటుంబాలు ఉన్నవి. తెలుగు అక్షరాలు కూర్చే అచ్చాపీసు అడుగడుగునా దొరికేది కాదు గనుక, ఆ తెలుగు వైపు మన సంఘం గదిలోని కంప్యూటరులో కూర్చుకొని, పెన్‌డ్రైవులో వేసికొని, బస్‌స్టాండు దగ్గర ఏదో ఒక జిరాక్సు అంగడిలో నమూనా తీయించుకొని, తప్పులు దిద్దుకోవడానికి మళ్లీ సంఘానికి రావడం ఆనవాయితీ. మొన్నటి వైశాఖ ముహూర్తాలకు ముందు ఒక ఆదివారం అలాగే ఒక పెన్‌డ్రైవు వెళ్లింది, వచ్చింది. వస్తూ వస్తూ పిలవని పేరంటాన్ని వెంటబెట్టుకొని వచ్చింది.

మర్నాడు, అంటే సోమవారం ఉదయం, ఆ పెన్‌డ్రైవు పెట్టి చూస్తే అందులోని ఫోల్డరు బొమ్మలన్నిటికీ మూలన చిన్న వంపు బాణం గుర్తు కనిపించింది. నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటున్నది. కాని తెరుచుకునే ముందు నల్లటి కిటికీ ఒకటి రెప్పపాటు మెరిసి మాయమవుతున్నది. సంఘం లెక్కలు చూసే కుర్రవాడు వంగి చూసి, "మామా, పురుగు పడింది" అన్నాడు.

"ఏం పురుగురా? చెదలా?" అన్నాము.

"చెదలే అనుకోండి మామా. కాని ఇది కట్టెను తినేది కాదు. ఈ యంత్రంలోంచి ఆ యంత్రంలోకి పాకేది" అన్నాడు.

మా గుండె జారిపోయింది. ఆ కంప్యూటరులో ఉన్నవి శుభలేఖలు మాత్రమే కావు. మన కుటుంబాల పట్టిక అందులోనే ఉన్నది. ఇంటిపేర్లు, గోత్రాలు, ఏ ఇంటి పెద్దలు ఏ పల్లె నుంచి కోయంబత్తూరుకు వచ్చినారో, మదురై పక్కన ఏ ఊళ్లలో ఎవరికి చుట్టరికం ఉన్నదో, ట్రంకు పెట్టెల అడుగున దొరికిన పాత ఫోటోలు, అన్నీ అందులోనే ఉన్నవి. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. పెద్దవాళ్ల నోట ఉన్నది అక్షరాలలో పెట్టకపోతే రేపు అడిగినా చెప్పేవారుండరు. అందుకే ఆ పట్టిక.

ఆ పురుగు సంగతి, దాన్ని వదిలించిన తీరు, వీటన్నిటికన్నా ముఖ్యంగా ఆ వారంలో మేము చేసిన ఒక తప్పు, మన కుటుంబాలవారికి చెప్పవలసిన బాధ్యత మాపై ఉన్నదని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

పురుగంటే ఏమిటి?

కంప్యూటరు తనంతట తాను ఏ పనీ చేయదు. ఎవరో వరుసగా వ్రాసిపెట్టిన ఆజ్ఞలను మాత్రం తు.చ. తప్పకుండా చేస్తుంది. ఆ ఆజ్ఞల వరుసనే ప్రోగ్రాము అంటారు. మంచివాడు వ్రాస్తే జమాఖర్చులు వేసిపెడుతుంది. దుర్మార్గుడు వ్రాస్తే ఇల్లు గుల్ల చేస్తుంది. యంత్రానికి ఆ రెంటికీ భేదం తెలియదు.

చెడ్డ ప్రోగ్రాములలో మూడు జాతులు ముఖ్యమైనవి. మనవారు అన్నిటినీ కలిపి "వైరసు" అనేస్తారు గాని, మందు వేసేవాడికి భేదం తెలియాలి.

మొదటిది వైరసు. ఇది చెట్టు మీది బదనిక వంటిది. తనకు వేరు లేదు. మరొక ప్రోగ్రామునో కాగితాన్నో అంటిపెట్టుకొని ఉంటుంది. ఎవరైనా ఆ కాగితాన్ని తెరిస్తే గాని దానికి ప్రాణం రాదు. రెండవది సన్న్యాసి వేషంలో వచ్చిన రావణుని వంటిది. పైకి ఆటగానో, ఉచిత సాధనంగానో కనిపిస్తుంది. గీత దాటి భిక్ష వేసినామో, నిజరూపం చూపిస్తుంది. దీన్ని ట్రోజను అంటారు. మూడవది పురుగు. ఇంగ్లీషున వర్మ్ అంటారు. ఇది బియ్యం డబ్బాలోని పురుగు వంటిది. మరొకదాన్ని అంటిపెట్టుకోనక్కరలేదు. తానే సంపూర్ణమైన ప్రోగ్రాము. తన వంటి పిల్లలను తానే పుట్టించి, పక్క డబ్బాకు దారి తానే వెదుక్కుంటుంది.

ఇల్లాళ్లకు ఈ మాట వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. పెసల డబ్బాలో పురుగు కనబడితే ఆ ఒక్క డబ్బా ఎండబెట్టి ఊరుకునే గృహిణి ఉండదు. పక్కనున్న కందిపప్పు, బియ్యం, రవ్వ, అన్నీ దించి చూస్తుంది. మొన్న అప్పిచ్చిన శేరు పెసలు జ్ఞాపకం వచ్చి, "వదినా, మీ ఇంట్లో కూడా ఒకసారి చూసుకోండి" అని గోడ పక్కనుంచి కేక వేస్తుంది. కంప్యూటరు పురుగు వైద్యమంతా ఈ కేకలోనే ఉన్నది. అది ఆ వారం మాకు తోచలేదు.

పుట్టుపూర్వోత్తరాలు

ఈ పురుగు చరిత్ర మొదట దుర్బుద్ధితో మొదలైనది కాదు. 1971లో అమెరికాలో బాబ్ థామస్ అనే ఇంజనీరు, దూరదూరాన ఉన్న కంప్యూటర్లను కలిపే తొలినాటి వల మీద, ఒక యంత్రం నుంచి మరొకదానికి పాకిపోయే ప్రోగ్రామును సరదాకు వ్రాసినాడు. దాని పేరు క్రీపర్, అనగా పాకేది. వెళ్లిన చోటల్లా "చేతనైతే పట్టుకో" అనే అర్థం వచ్చే మాట ఒకటి తెర మీద చూపించేది. దాన్ని వెంటాడి తుడిచివేయడానికి రీపర్ అనే మరొక ప్రోగ్రాము పుట్టింది. దాన్ని వ్రాసినవాడు రే టామ్లిన్సన్, ఈనాటి ఈమెయిలుకు ఆద్యుడు. అంటే పురుగు, పురుగుమందు దాదాపు కవలలుగానే పుట్టినవి.

"పురుగు" అనే పేరు 1975లో జాన్ బ్రన్నర్ వ్రాసిన ఇంగ్లీషు నవలలోనుంచి వచ్చింది. ఆ పేరును జాన్ షాక్, జాన్ హప్ అనే ఇద్దరు పరిశోధకులు తీసికొని, జిరాక్సు కంపెనీవారి పరిశోధనాలయంలో ఖాళీగా ఉన్న యంత్రాలకు పని పంచిపెట్టే మంచి పురుగులను తయారుచేసినారు. ఒక రాత్రి చిన్న పురుగునొకదాన్ని వదలి ఇంటికి వెళ్లినారట. తెల్లవారి వచ్చి చూస్తే యంత్రాలు ఎక్కడివక్కడ చచ్చి పడి ఉన్నవి. 1982లో వారు ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతి దాచకుండా చెప్పినారు. పెంచినవారి మాటే వినని ప్రాణి ఇది అని ఆనాడే తెలిసింది.

లోకానికి తెలిసింది మాత్రం 1988 నవంబరు 2న. రాబర్ట్ మారిస్ అనే విద్యార్థి వదలిన పురుగు ఒక్క రాత్రిలో ఆనాటి ఇంటర్నెట్టును స్తంభింపజేసింది. అప్పటికి వల మీద ఉన్నవి సుమారు 60,000 యంత్రాలు, అందులో సుమారు 6,000 దాని వాతబడినవని అంచనా వేసినారు. అది ఎవరి కాగితాలనూ చెరపలేదు. "ఇప్పటికే నేనిక్కడ ఉన్నాను" అని ఒక యంత్రం జవాబిచ్చినా నమ్మక, ఏడింట ఒకసారి మళ్లీ జొరబడమని వ్రాసిన వాడే ఆజ్ఞాపించినాడు. ఒకే యంత్రంలో పదుల పురుగులు చేరి ఊపిరాడనీయలేదు. మారిస్‌కు న్యాయస్థానం 3 ఏండ్ల నిఘా, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించింది. ఆ దెబ్బతోనే ఇటువంటి ఆపదలను కనిపెట్టి అందరికీ హెచ్చరిక చెప్పే కేంద్రం ఒకటి అక్కడ ఏర్పడింది. మన దేశంలో అదే పనికి సెర్ట్-ఇన్ అనే ప్రభుత్వ సంస్థ 2004లో వచ్చింది. పురుగు వచ్చినప్పుడు మొదటి మందు వార్త అని వారందరూ గ్రహించినారు.

తిరుమల దాకా పాకిన పురుగు

ఇదంతా ఎక్కడో సముద్రాలకు ఆవల జరిగే ముచ్చట అనుకోనక్కరలేదు. 2017 మే 12, శుక్రవారంనాడు వన్నాక్రై అనే పురుగు బయలుదేరింది. అది చొరబడిన కంప్యూటరులోని కాగితాలన్నిటికీ రహస్య తాళం వేసి, తాళం తీయాలంటే 300 డాలర్లు చెల్లించమని తెర మీద బెదిరింపు వ్రాసేది. కొద్ది రోజులలోనే 150 దేశాలలో 2 లక్షలకు పైగా యంత్రాలు చిక్కినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది.

మన తెలుగుదేశంలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినవి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు ఆ మర్నాటి వార్తలలో వచ్చినవి. ఆ వెనుకనే తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయపు కంప్యూటర్లు కొన్నిటికి సోకినది. మనకు మరీ దగ్గర, వాళయారు దాటితే వచ్చే పాలక్కాడులో రైల్వే డివిజను కార్యాలయానికీ అది వచ్చింది. ఏడుకొండలవాడి కార్యాలయాన్నీ, పోలీసు ఠాణానూ లెక్కచేయని పురుగు మన సంఘం గదిని లెక్కచేస్తుందా?

ఇందులో అందరూ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఆ పురుగు గోడకు కన్నం వేయలేదు, తలుపు తెరిచి ఉంటే వచ్చింది. విండోస్‌లో ఒక యంత్రం మరొక యంత్రంతో కాగితాలు పంచుకొనే పాత ఏర్పాటులో లోపం ఉన్నది. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్టువారు 2017 మార్చి 14ననే విడుదల చేసినారు. పురుగు వచ్చింది మే 12న. నడుమ దాదాపు రెండు నెలల గడువు. "తరువాత చూద్దాం" అని ఆ సవరణను వేసికొనని యంత్రాలే దానికి ఆహారమైనవి. అంతకుముందు 2008 నవంబరులో వచ్చిన కాన్‌ఫికర్ అనే పురుగు కథ కూడా ఇదే. దాని సవరణ ఆ ఏడు అక్టోబరు 23ననే వచ్చి ఉన్నది. అయినా లక్షలాది యంత్రాలలోకి అది పాకింది. వల ద్వారానే కాక పెన్‌డ్రైవు ద్వారా కూడా పాకింది.

వన్నాక్రై విజృంభణ తగ్గడం కూడా చిత్రంగా జరిగింది. ఆ పురుగు పని మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్టులో ఒక అర్థంపర్థం లేని పేరుగల చిరునామాకు పలకరింపు పంపేది. జవాబు రాకపోతేనే విజృంభించేది. ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అనే 22 ఏండ్ల యువకుడు ఆ చిరునామాను కనిపెట్టి తన పేర కొని పెట్టుకున్నాడు. అప్పటినుంచి జవాబు రావడం, పురుగు పడుకోవడం మొదలైనవి.

ఎలా గుర్తుపట్టాలి?

పూర్వం పెన్‌డ్రైవు పెట్టగానే అందులోని ప్రోగ్రాము దానంతట అదే నడిచే ఏర్పాటు విండోస్‌లో ఉండేది. కాన్‌ఫికర్ వంటివి దాన్నే వాడుకున్నవి. తరువాత ఆ తలుపు మూసినారు. పాత విండోస్‌లకు కూడా 2011 ఫిబ్రవరిలో సవరణ పంపినారు. అందుచేత పురుగులు వ్రాసేవారు కొత్త ఉపాయం పన్నినారు. పెన్‌డ్రైవులోని అసలు ఫోల్డర్లను దాచివేసి, అవే పేర్లతో దొంగ బొమ్మలను పెడతారు. వాటి మూలనుండేదే ఆ వంపు బాణం. దాన్ని షార్ట్‌కట్ అంటారు. మనం దాన్ని నొక్కగానే ముందు పురుగును నడిపి, ఆ వెంటనే అసలు ఫోల్డరును తెరిచి చూపిస్తుంది. అంతా సరిగానే ఉన్నదని మనం అనుకుంటాము. ఆ తరువాత ఆ కంప్యూటరులో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవుకూ అదే పని చేసి పంపిస్తుంది. మన వేలితో నొక్కితే గాని కదలదు గనుక దీన్ని అచ్చమైన పురుగు అనకూడదని వాదించే పండితులున్నారు. మనకు ఆ తర్కం అక్కరలేదు. పాకిన తీరు పురుగుదే.

మిగతా గుర్తులు ఇవి. కారణం లేకుండా యంత్రం నత్తనడక నడవడం. ఎవరూ పని చేయనప్పుడు కూడా లోపలి ఫ్యాను రొద పెట్టడం. యాంటీవైరస్ దానంతట అదే ఆగిపోవడం. యాంటీవైరస్ కంపెనీల చిరునామాలు మాత్రం తెరుచుకోకపోవడం. మన పేరుతో మనం వ్రాయని ఉత్తరాలు బంధువులకు వెళ్లడం. వీటిలో ఒక్కటి కనిపిస్తే పురుగే అనుకోనక్కరలేదు. రెండు మూడు కలిసివస్తే అనుమానించవలె.

వదిలించే తీరు

మేము చేసిన వరుసలోనే చెప్తాము. చేయవలసి ఉండి చేయనివి కూడా కలిపి చెప్తాము.

మొదటి పని, ఏకాంతంలో పెట్టడం. ఇంటర్నెట్టు తీగ ఊడదీయవలె, వైఫై ఆపవలె. ఆ కంప్యూటరుకు మరొక పెన్‌డ్రైవు తగిలించకూడదు. తగిలించి ఉన్నవి తీసివేసి పక్కన పెట్టవలె.

రెండవది, తొందరపడి దేన్నీ చెరపకూడదు. ఫార్మాట్ అనే మాట ఎవరి నోట వచ్చినా "ఆగు" అనవలె.

మూడవది, మందును మరొక శుభ్రమైన కంప్యూటరులో తెచ్చుకోవలె. రోగం ఉన్న యంత్రంలో మందు వెదకడం పనికిరాదు. కాన్‌ఫికర్ వంటివి ఆ దారులను ముందే మూసివేస్తవి. మైక్రోసాఫ్టువారి సేఫ్టీ స్కానర్ ఉచితంగా దొరుకుతుంది. తెచ్చిన 10 రోజుల వరకే పనిచేస్తుంది గనుక ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోవలె. మన కేంద్ర ప్రభుత్వంవారు 2017 ఫిబ్రవరి 21న ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచిత సాధనాలు ఇస్తున్నది. ఏది తెచ్చుకున్నా ఆ సంస్థల సొంత చిరునామానుంచే తెచ్చుకోవలె. వెదుకులాటలో మొదట కనబడిన ప్రకటన నొక్కితే రావణుడికి భిక్ష వేసినట్లే.

నాలుగవది, పురుగు నిద్ర లేవకముందే దాన్ని పట్టడం. విండోస్ నడుస్తున్నప్పుడు పురుగు కూడా మేలుకొని ఉంటుంది. చెరిపిన దాన్ని మళ్లీ పుట్టిస్తుంది. అందుకే విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒక ఏర్పాటు ఉన్నది. అది యంత్రాన్ని ఆపి, విండోస్ పూర్తిగా లేవకముందే సుమారు పావుగంట వెదుకుతుంది. తరువాత పూర్తి స్కాన్ ఒకటి చేయవలె. అది గంటలు పట్టవచ్చు. పిమ్మట టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే పట్టిక చూడవలె. కంప్యూటరు తెరవగానే తమంతట తాము లేచే ప్రోగ్రాముల పేర్లు అందులో ఉంటవి. మా యంత్రంలో అర్థం లేని అక్షరాల పేరుతో ఒకటి అక్కడ కూర్చొని ఉన్నది.

ఐదవది, పెన్‌డ్రైవు. సోమవారం సాయంత్రానికి మా కంప్యూటరు శుభ్రపడింది. సంతోషంతో ఆ శుభలేఖ పెన్‌డ్రైవునే మళ్లీ పెట్టి, అలవాటుగా ఫోల్డరు బొమ్మ నొక్కినాము. పురుగు మళ్లీ వచ్చింది! కుర్రవాడు తల పట్టుకున్నాడు. మంగళవారమంతా పని మొదటికి వచ్చింది. డబ్బా కడిగి, పాత పప్పే మళ్లీ పోసినట్లయింది.

ఈసారి సక్రమంగా చేసినాము. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ అనే చోట దాచిన ఫోల్డర్లను చూపించమని చెప్పి, "రక్షిత వ్యవస్థ ఫైళ్లను దాచు" అనే అర్థంగల గడిలోని టిక్కు తీసివేస్తే, అసలు ఫోల్డర్లు లేతరంగులో కనబడినవి. అన్నీ ఉన్నవి. ఒక్క అక్షరం పోలేదు. అందులోనుంచి ఫోటోలు, కాగితాలు, పాటలు మాత్రం కంప్యూటరులో వేరొక చోటికి ఎత్తుకొని, వాటిని స్కాన్ చేసినాము. బాణం బొమ్మలనూ, పరిచయం లేని ప్రోగ్రాములనూ తాకలేదు. ఆ తరువాతనే పెన్‌డ్రైవును ఫార్మాట్ చేసినాము.

ఆరవది, తలుపు మూయడం. విండోస్ సవరణలన్నీ వేయవలె. విండోస్ 7కు సవరణలు 2020 జనవరి 14తోను, విండోస్ 10కు సాధారణంగా ఇచ్చే ఉచిత సవరణలు 2025 అక్టోబరు 14తోను ముగిసినవి. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలపడం రాత్రి వాకిలి తెరిచి పడుకోవడమే. బ్యాంకు, ఈమెయిలు రహస్యపదాలను శుభ్రమైన యంత్రంలో కూర్చొని మార్చుకోవలె.

ఇంత చేసినా పురుగు రెండవసారి తిరిగివస్తే, కాగితాలు భద్రం చేసికొని విండోస్‌ను పూర్తిగా తీసి కొత్తగా వేయించడమే తెలివి. ఇక వన్నాక్రై వంటిది తాళం వేసి డబ్బు అడిగితే ఇవ్వకూడదు. ఇచ్చినా తాళంచెవి వస్తుందనే నమ్మకం లేదు. బ్యాంకు సొమ్ము పోయినట్లు తెలిస్తే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయవలె.

మా తప్పు

ఇప్పుడు చెప్పవలసినది చెప్తాము.

పురుగు సంగతి మాకు తెలిసింది సోమవారం ఉదయం. ఆ ఆదివారం సాయంత్రమే నలుగురు కుటుంబాలవారు వచ్చి తమ పెన్‌డ్రైవులు ఆ కంప్యూటరులో పెట్టి వెళ్లినారు. వారి పేర్లు మా పుస్తకంలో వ్రాసి ఉన్నవి. ఫోను నంబర్లు కూడా ఉన్నవి. సోమవారమే వారికి చెప్పవలసింది. చెప్పలేదు. "సంఘం కంప్యూటరులో పురుగట" అని నలుగురూ నవ్వుతారేమో అనుకున్నాము. ముందు బాగుచేసి, తరువాత నెమ్మదిగా చెబుదామనుకున్నాము. చెప్పింది బుధవారం.

ఆ నాలుగు పెన్‌డ్రైవులలో ఒకదానిలో ఒక అవ్వ పాడిన పెళ్లిపాటలు ఉన్నవి. నలుగు పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాట. రెండేండ్ల కిందట ఆ ఇంటి మనమరాలు వంటింట్లో అవ్వ పక్కన కూర్చొని ఫోనులో పట్టి, పెన్‌డ్రైవులో దాచిపెట్టింది. అవ్వ ఇప్పుడు లేదు. ఫోను మారింది. ఆ పాటలు మరొక చోట లేవు. సంఘం పట్టికతోపాటు వాటినీ భద్రపరుద్దామని ఆదివారం తెచ్చినారు. "పొద్దుపోయింది, వచ్చే వారం ఎక్కిద్దాం" అని పంపించినది కూడా మేమే.

మంగళవారం ఆ ఇంట్లో పెన్‌డ్రైవు తెరిస్తే అన్నీ బాణం బొమ్మలే. భయపడి ఒక అంగడికి తీసికొనిపోయినారు. అక్కడివారు చూసి, "అంతా పోయింది, వైరసు" అని చెప్పి ఫార్మాట్ చేసి ఇచ్చినారు. ఇంటికి తెచ్చి అందులో పిల్లల సినిమాలు నింపుకున్నారు. బుధవారం మేము ఫోను చేసి, "మీ ఫోల్డర్లు ఎక్కడికీ పోలేదు, దాగి ఉంటవి, తొందరపడకండి" అన్నాము. అవతల మాట వినబడలేదు. తరువాత ఆ పిల్ల మెల్లిగా, "నిన్ననే తుడిపించేసినాము పెదనాయనా" అన్నది.

పోయిన కాగితాలను వెదికితీసే ప్రోగ్రాములు ఉన్నవి. ఫార్మాట్ చేసిన వెంటనే, పైన కొత్తవి వ్రాయకముందు వెదికితే కొంత దొరకవచ్చు. సినిమాలు నింపిన తరువాత దొరికింది ఒక పాట మొదటి ముక్క మాత్రమే. అందులో కూడా సగం గిన్నెల చప్పుడు.

ఆ పాటలను చెరిపింది పురుగు కాదు. అది దాచిపెట్టింది, అంతే. చెరిపింది మా మౌనం. ఒక్క ఫోను ముందు చేసి ఉంటే అవ్వ గొంతు ఈనాడు ఉండేది.

కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మ గుళ్లు ఉన్న సంగతి మనవారందరికీ తెలుసు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఈ ఊరిని ప్లేగు పలుమార్లు పట్టి పీడించింది. అమ్మవారికి ఆ పేరే పెట్టి గుడి కట్టుకున్నంతగా పీడించింది. అటువంటి రోజులలో ఎలుక రాలిపడితే ఆ మాట ఇంట్లో దాచుకోవడానికి వీలులేదు. పొరుగువారికి చెప్పకపోవడం వారి ప్రాణం తీయడమే. కంప్యూటరు పురుగు మనిషి ప్రాణం తీయకపోవచ్చు. కాని నియమం ఒకటే. ఇది మన ఇంటి పరువుకు సంబంధించిన రోగం కాదు, ఊరివారందరి అంటువ్యాధి. పోలీసులకూ, తిరుమలకూ వచ్చినది మనకు వస్తే సిగ్గేమిటి?

అందుచేత సంఘంలో ఇప్పుడు మూడు కట్టుబాట్లు చేసికొన్నాము. ఏ పెన్‌డ్రైవైనా స్కాన్ చేయనిదే తెరవము. పట్టికకు మూడు ప్రతులు ఉంటవి. ఒకటి కంప్యూటరులో, ఒకటి వాడకం లేనప్పుడు తగిలించని డిస్కులో, ఒకటి మరొక ఇంటి బీరువాలో. పురుగు కనబడితే ఆ పూటే, బాగుచేయకముందే, పుస్తకంలోని పేర్లన్నిటికీ ఫోను చేస్తాము. మొదటి రెండూ యంత్రానికి, మూడవది మాకు.

చివరకు ఒక మనవి. అవ్వ పాడిన పాటలలో అప్పగింతల పాట కొన్ని చరణాలు ఆ మనమరాలికి నోటికి వచ్చు. మిగతావి రావు. గాంధీపురంలో గాని, మదురైలో గాని, మన ఇళ్లలో ఏ పెద్ద ముత్తైదువకైనా నలుగు పాటలు, బంతులాట పాటలు వచ్చి ఉంటే, ఏ ఆదివారమైనా సంఘానికి వచ్చి పాడండి. రాలేనివారు కబురు చేస్తే మేమే వస్తాము. పాడిన పూటే మూడు చోట్లా దాచుతాము. వచ్చే వారం అనము.